వియన్నా సమాధుల దారిలో: వెండి కలశాల్లో గుండెలు, పూలు గీసిన పుర్రెలు

వియన్నాకి జనం సంగీతం కోసం వెళ్తారు, రాజభవనాల కోసం వెళ్తారు. నేను వెళ్లింది ఆ ఊరు చనిపోయినవాళ్లని ఎలా సాగనంపేదో చూడటానికి. శవయాత్రకి, సమాధికి, శవపేటికకి ఇంత ఖర్చు, ఇంత కళ, ఇంత ఆలోచన పెట్టిన నగరాలు యూరప్‌లో అరుదు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తులు ఇక్కడ కూర్చుని ఏలిన శతాబ్దాల్లో చావు ఒక రాచకార్యం. అది చూసి చూసి మామూలు జనం కూడా తమకీ అలాంటి వీడ్కోలు కావాలనుకున్నారు. ఒక చక్రవర్తి దాన్ని ఆపబోయి ఓడిపోయాడు. ఈ కథంతా ఊళ్లో అక్కడక్కడా ఇప్పటికీ కళ్లకి కనిపిస్తుంది. నవంబర్ 1న వచ్చే సకల పునీతుల పండుగకి అక్కడ ఉండేలా ప్రయాణం పెట్టుకున్నాను. మా పిన్ని కొడుకు అక్కడే ఎంఎస్ చదువుతున్నాడు కాబట్టి బస గురించి టెన్షన్ లేదు.

ఆదివారం

హోఫ్‌బర్గ్ రాజభవనానికి ఆనుకుని అగస్టీనియన్ చర్చి ఉంది. 1634 నుంచి అది రాజకుటుంబం చర్చి. 1854లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి, ఎలిజబెత్‌ల పెళ్లి ఇక్కడే జరిగింది. ఆదివారం పూజ ఆర్కెస్ట్రాతో జరుగుతుంది. అది అయ్యాక ఉండాలనుకున్నవాళ్లని కొద్దికొద్దిమందిగా పక్కనున్న లొరెటో చాపెల్‌లోకి తీసుకెళ్తారు. అక్కడ ఒక ఇనుప తలుపు. దాని వెనక అర్ధచంద్రాకారంలో రెండు అరలు, అరల మీద వెండి కలశాలు. అన్నీ కలిపి 54. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క హాబ్స్‌బర్గ్ గుండె.

నేను రాజరికపు హంగు ఏదో ఉంటుందనుకుంటూ వంగి చూశాను. హంగేమీ లేదు. చిన్న గది, వరుసగా పాత్రలు. కొన్ని పెద్దవి, కొన్ని చాలా చిన్నవి. చిన్నవి పిల్లలవి.

"గుండె తీసి వేరేగా పెట్టడం ఎందుకక్కా?" అని అడిగాడు మా తమ్ముడు. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది అవసరం. చక్రవర్తి పోతే శవాన్ని రోజుల తరబడి దర్శనానికి ఉంచాలి. అలా ఉంచాలంటే లోపలి అవయవాలు తీసి శరీరాన్ని భద్రపరచాలి. రెండోది భక్తి. 1654లో చనిపోయిన నాలుగో ఫెర్డినాండ్ అనే యువరాజు తన గుండెని లొరెటో మాత (మరియమ్మ) పాదాల దగ్గర పెట్టమని కోరాడు. అక్కడినుంచి అది వంశాచారంగా మారింది. గుండె ఇక్కడికి, పేగులు రాగి పాత్రల్లో సెయింట్ స్టీఫెన్స్ కథీడ్రల్‌కి, శరీరం కపూచిన్ సన్యాసుల చర్చి కిందికి. ఒకే మనిషికి ఊళ్లో మూడు చోట్ల సమాధి. ఇక్కడికి చివరిగా వచ్చిన గుండె 1878లో పోయిన ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ కార్ల్‌ది. ఆయన ఫ్రాంజ్ జోసెఫ్ తండ్రి.

నెపోలియన్ కొడుకు గుండె కూడా ఈ అరల్లోనే ఉంది. తల్లి హాబ్స్‌బర్గ్ ఆడపడుచు కాబట్టి ఆ అబ్బాయి వియన్నాలోనే పెరిగి, 21 ఏళ్లకే 1832లో చనిపోయాడు. 1940 డిసెంబర్‌లో హిట్లర్ అతని శరీరాన్ని పారిస్‌కి పంపించాడు. గుండె, పేగులు మాత్రం వియన్నాలోనే ఉండిపోయాయి.

చర్చి లోపలే ఒక గోడకి ఇటలీ శిల్పి కనోవా చెక్కిన పాలరాతి పిరమిడ్ ఉంది. ఆస్ట్రియాని ఏలిన రాణి మరియా థెరీసా కూతురు మరియా క్రిస్టినా 1798లో పోతే, భర్త ఆల్బర్ట్ ఆమె కోసం కట్టించాడు. 1805లో పూర్తయింది. పిరమిడ్‌కి చీకటి ద్వారం, అందులోకి మెట్లెక్కుతూ కొందరు మనుషులు. ముందు ఒక స్త్రీ అస్థికల కలశం పట్టుకుని వెళ్తోంది. వెనక ఇంకొక స్త్రీ గుడ్డి ముసలాయనని నడిపిస్తోంది. ఎవరి ముఖమూ మనవైపు లేదు. కుడిపక్క ఒక సింహం తల వాల్చి పడుకుంది. మెట్ల మీద పరిచిన రాతి తివాచీ మడతలు చూస్తే కాలు పెడితే నలుగుతుందేమో అనిపిస్తుంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. అంత పెద్ద సమాధిలో లోపల ఏమీ లేదు. ఆమె శరీరం కపూచిన్ల దగ్గర, గుండె పక్క చాపెల్‌లో. ఈ రాయి అంతా భర్త దుఃఖం చెప్పుకోవడానికే. "ఉత్తమురాలైన భార్యకి, ఆల్బర్ట్" అని లాటిన్‌లో రాయించుకున్నాడు.

ఈ చర్చిలోనే ఒకప్పుడు చక్రవర్తుల సంస్మరణ పూజలకి చెక్క, గుడ్డ, కాగితపు గుజ్జుతో ఆకాశమంత మండపాలు లేపేవారు. క్యాస్ట్రమ్ డొలోరిస్ అనేవారు వాటిని. స్తంభాలు, దేవదూతలు, అస్థిపంజరాలు, వందల కొవ్వొత్తులు, చనిపోయినవారి విజయాల బొమ్మలు. గొప్ప వాస్తుశిల్పి ఫిషర్ ఫాన్ ఎర్లాక్ కూడా 1711లో మొదటి జోసెఫ్ చక్రవర్తి కోసం ఒకటి రూపొందించాడు. పూజలు అయిపోగానే అన్నీ విప్పేసేవారు. మనకి మిగిలింది అప్పటి ముద్రణ చిత్రాలే. అలా విప్పేయడానికే కట్టిన వాటిమీద అంత పనితనం పెట్టిన వడ్రంగుల్ని, చిత్రకారుల్ని తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సోమవారం

నోయర్ మార్కెట్ అనే కూడలిలో కపూచిన్ చర్చి బయటికి ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటుంది. దాని కింద దాదాపు 150 మంది హాబ్స్‌బర్గ్‌లు ఉన్నారు. వాళ్లలో 12 మంది చక్రవర్తులు. మత్తియాస్ చక్రవర్తి భార్య అన్నా తనకీ భర్తకీ ఒక సమాధి గది కావాలని వీలునామాలో డబ్బు రాసింది. ఆవిడ 1618లో, ఆయన 1619లో పోయారు. 1622లో శంకుస్థాపన జరిగింది, 1633లో ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చారు. వాళ్ల పేటికలు చిన్నవి, సాదావి. అక్కడినుంచి ఒక్కొక్క తరం దాటుతుంటే పేటికలు పెద్దవవుతూ, బరువెక్కుతూ, బొమ్మలతో నిండిపోతూ ఉంటాయి. తగరం కలిసిన లోహంతో పోతపోసినవి ఇవి. తగరానికి చలిలో ఒక రకం తెగులు పడుతుంది, పొడిపొడిగా రాలిపోతుంది. వాటిని కాపాడటం ఇక్కడ ఎడతెగని పని.

ఆరో చార్లెస్ చక్రవర్తి 1740లో పోయాడు. ఆయన పేటిక కింది మూలలో ఒక పుర్రె ఉంది. దాని నెత్తిన పవిత్ర రోమన్ సామ్రాజ్య కిరీటం, ప్రతి రాయీ కనిపించేలా చెక్కినది. కళ్లు లేని గుంతలు, ఊడిన పళ్లు, పైన ఆ కిరీటం. ఫొటోలో చాలాసార్లు చూసిందే. ఎదురుగా నిలబడితే వేరు. ఈ పని చేయించుకున్నది రాజద్రోహులు కాదు, సొంత కుటుంబం. తమ అధికారం ఎంత గొప్పదో, ఎంత వరకో రెండూ ఒకే బొమ్మలో చెప్పించుకున్నారు.

పక్కన గుమ్మటం కింద మరియా థెరీసా, ఆమె భర్త ఫ్రాన్సిస్ స్టీఫెన్‌ల జోడు పేటిక ఉంది. ఒక చిన్న ఇల్లంత ఉంటుంది. బాల్తజార్ మోల్ అనే శిల్పి 1754లో పూర్తిచేశాడు. అంటే ఇద్దరూ బతికుండగానే. మూత మీద భార్యాభర్తలు పడుకుని లేరు, లేచి కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వెనక దేవదూత బాకా ఊదుతున్నాడు. అంత్యదినాన నిద్ర లేచినప్పుడు మొదట కనిపించాల్సింది ఎవరు అన్నదానికి ఆవిడ చెప్పుకున్న జవాబు అది. నాలుగు మూలలా నలుగురు స్త్రీలు కిరీటాలతో దుఃఖిస్తున్నారు. 1765లో ఫ్రాన్సిస్ ఇన్స్‌బ్రుక్‌లో హఠాత్తుగా చనిపోయాడు. ఆవిడ జుట్టు కత్తిరించుకుంది, నగలు, రంగు బట్టలు ఇచ్చేసింది. 1780లో తను పోయేదాకా పదిహేనేళ్లు నలుపే కట్టింది, భర్త పేటిక దగ్గరికి వచ్చి కూర్చుంటూ ఉండేది.

ఆ జోడు పేటిక పాదాల దగ్గర ఒక సాదా రాగి పెట్టె ఉంది. ఏ బొమ్మా లేదు. అది వాళ్ల పెద్దకొడుకు రెండో జోసెఫ్‌ది. తల్లిదండ్రుల పేటిక మీద చెయ్యి తిరిగిన శిల్పి ఏళ్ల పని ఉంటే, దాని కాళ్ల దగ్గర ఈ పెట్టె. ఈయన గురించి తర్వాత రోజుల్లో చాలా చెప్పాలి.

అదే గదిలో హాబ్స్‌బర్గ్ కుటుంబానికి చెందని మనిషి ఒక్కరే ఉన్నారు. మరియా థెరీసాని పెంచిన ఫుక్స్ దొరసాని. 1754లో ఆవిడ పోతే, బతికినప్పుడు ఎలా మాతో ఉందో చనిపోయాకా అలాగే ఉండాలని రాణి పట్టుబట్టింది. ఈ నేలమాళిగలో నాకు అన్నిటికన్నా నచ్చిన పేటిక అదే.

1908లో కట్టిన గదిలో ఫ్రాంజ్ జోసెఫ్ మధ్యలో, ఒక పక్క 1898లో జెనీవాలో హత్యకి గురైన ఎలిజబెత్, ఇంకో పక్క 1889లో మయర్లింగ్‌లో తుపాకీతో ప్రాణం తీసుకున్న కొడుకు రుడోల్ఫ్. ఎలిజబెత్ దగ్గర హంగేరీ జెండా రంగుల రిబ్బన్లు కట్టిన పూలు ఉన్నాయి. హంగేరీవాళ్లు ఆమెని ఇంకా మర్చిపోలేదు.

ఈ మధ్య కాలంలో ఇక్కడికి వచ్చినవాళ్లలో ఒకడు ఒట్టో, ఆఖరి చక్రవర్తి కొడుకు. 2011 జులై 16న. శవపేటిక చర్చి తలుపు దగ్గరికి వచ్చాక ఒకాయన కర్రతో మూడుసార్లు తట్టాడు. లోపలినుంచి కపూచిన్ సన్యాసి ఎవరు లోపలికి రావాలనుకుంటున్నారని అడిగాడు. బిరుదులన్నీ చదివారు, చాలా పొడుగు జాబితా. "మాకు తెలియదు" అని జవాబు. మళ్లీ తట్టారు. ఈసారి ఆయన జీవితంలో చేసిన పనులు, పదవులు, పురస్కారాలు చదివారు. "మాకు తెలియదు." మూడోసారి తట్టి, "ఒట్టో, మరణించే మనిషి, పాపి" అన్నారు. తలుపు తెరిచారు. 1989లో ఆయన తల్లి జీటాకి కూడా ఇలాగే చేశారు. ఇది ముందే రాసిపెట్టుకున్న సంభాషణే. అయినా ఆ వీడియో చూసినప్పుడల్లా మూడో జవాబు దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

సాయంత్రం హోఫ్‌బర్గ్ చాపెల్ ముందు నుంచి నడిచాం. సరయేవోలో 1914 జూన్ 28న చంపబడ్డ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, భార్య సోఫీల శవాల్ని జులైలో ఇక్కడే దర్శనానికి ఉంచారు. సోఫీ రాజవంశంలో పుట్టలేదు. అందుకని ఆమె పెట్టెని భర్త పెట్టె కన్నా తక్కువ ఎత్తులో పెట్టారు. దాని మీద తెల్ల చేతిగ్లౌజులు, ఒక విసనకర్ర ఉంచారు. రాణిగారి పరిచారికలకి ఉంచే గుర్తులవి. శవాన్ని అలంకరిస్తూ కూడా మనిషిని అవమానించవచ్చని ఆ దర్బారు అధికారులకి బాగా తెలుసు. భార్యకి కపూచిన్ల దగ్గర చోటు ఉండదని తెలిసే ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ముందే ఆర్ట్‌స్టెటెన్‌లో తమ కోసం వేరే సమాధి గది కట్టించుకున్నాడు. ఇద్దరూ అక్కడే పక్కపక్కన ఉన్నారు.

మంగళవారం

సెయింట్ స్టీఫెన్స్ కథీడ్రల్ కింద పేగుల రాగి పాత్రలు చూశాం. ఆ పక్కనే దాదాపు 11,000 మంది ఊరివాళ్ల ఎముకలున్న సొరంగాలు. గైడు తొందరగా తిప్పేశాడు, నాకూ అక్కడ ఎక్కువసేపు ఉండాలనిపించలేదు.

మధ్యాహ్నం మిహాయిలర్ చర్చి కింది నేలమాళిగకి వెళ్లాం. అది వేరే లోకం. 1560 నుంచి 1784 దాకా ఇక్కడ దాదాపు 4,000 మందిని పెట్టారు. ఎక్కువగా రాజకుటుంబం కాదు, దాని చుట్టూ బతికినవాళ్లు. ఉద్యోగులు, దొరలు, డబ్బున్న వ్యాపారులు. ఇప్పుడు 250 దాకా చెక్క పెట్టెలు మిగిలాయి. చెక్క మీద రంగులతో పూలు, శిలువలు, ఇసుక గడియారాలు, పుర్రెలు. ఒక్కో పెట్టె పెళ్లి పందిరిలా ముస్తాబై ఉంది. గాలి పొడిగా ఉండటం వల్ల, పెట్టెల్లో చెక్క పొట్టు వేయడం వల్ల కొన్ని శవాలు కుళ్లకుండా ఎండిపోయాయి. తెరిచిన పెట్టెల్లో బట్టలు, మేజోళ్లు, బూట్లు కనిపిస్తాయి. ఒక పురుషుడి విగ్గు అలాగే ఉంది.

ఆ మనుషులు ఇలా మా కంట పడతామని అనుకుని ఉండరు. గైడు నెమ్మదిగా, గొంతు తగ్గించి మాట్లాడింది. పురుగు పట్టి చెక్క పాడైపోతుంటే వేడి, తేమ అదుపులో పెట్టి ఆపుతున్నారట. ఇక్కడ పూడ్చడం 1784లో ఆగిపోయింది. ఆపించినవాడు ఆ రాగి పెట్టె జోసెఫ్.

బుధవారం

తెల్లవారుజామున రైలెక్కి హాల్‌స్టాట్ వెళ్లాను. స్టేషన్ సరస్సుకి ఒక ఒడ్డున, ఊరు రెండో ఒడ్డున. రైలు దిగినవాళ్ల కోసం పడవ ఆగి ఉంటుంది. ఆ ఊరి అందం కోసం వచ్చే జనం ఎంతమందో! వాళ్లంతా ఒడ్డున ఫొటోలు తీసుకుంటుంటే నేను మెట్లెక్కి కొండవాలులో ఉన్న చర్చికి వెళ్లాను. సమాధుల వెనక సెయింట్ మైఖేల్ చాపెల్, దాని అడుగున ఎముకల గది.

కొండకీ సరస్సుకీ మధ్య ఇరుక్కున్న ఊరు అది. శ్మశానం పెంచడానికి నేల లేదు. అందుకని పదీ పదిహేనేళ్లకి ఒక సమాధిని తవ్వి, ఎముకలు తీసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేవారు. తీసిన పుర్రెని శుభ్రం చేసి, ఆరుబయట వారాల తరబడి ఉంచితే దంతం లాగా తెల్లబడుతుంది. 1720 ప్రాంతం నుంచి ఆ పుర్రెల మీద బొమ్మలు గీయడం మొదలైంది. ఇప్పుడు గదిలో దాదాపు 1,200 పుర్రెలున్నాయి. వాటిలో 610 రంగులు వేసినవి. నుదుటి మీద పేరు, చనిపోయిన సంవత్సరం, శిలువ. చుట్టూ దండ లాగా ఓక్ ఆకులు, లారెల్, ఐవీ తీగ, గులాబీలు. పాతవాటి మీద దండలు ముదురుగా, బరువుగా ఉంటాయి. తర్వాతవాటి మీద పూలు తేలికవుతాయి, ఆకుపచ్చ వెలుగు వస్తుంది.

ముందుగా నాకు తట్టింది ఏమిటంటే, ఇవి గుంపుగా పడేసినవి కావు. కుటుంబాల వారీగా పక్కపక్కన పెట్టారు. ఒకే ఇంటిపేరు వరుసగా చదువుకుంటూ పోవచ్చు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు. మొహాలు పోయాయి కానీ ఎవరి పక్కన ఎవరుండాలో పోలేదు. వియన్నాలో చక్రవర్తులు లోహం పోత పోయించి సంపాదించుకున్నది ఇక్కడ ఉప్పు గనుల కూలీలు కొంచెం రంగుతో, సన్న కుంచెతో సంపాదించుకున్నారు. సమాధులు తవ్వేవాళ్లే ఈ బొమ్మలు గీసేవారు.

అన్నిటికన్నా కొత్త పుర్రె ఒక స్త్రీది. ఆవిడ 1983లో చనిపోయింది, తన పుర్రెని ఇక్కడ పెట్టమని కోరింది. 1995లో పెట్టారు. దాని పళ్లలో ఒకటి బంగారపు పన్ను. నేను పుట్టాక జరిగిన సంగతి అది! ఈ ఆచారం పుస్తకాల్లోకి వెళ్లిపోయిందనుకుని వచ్చిన నాకు ఆ పన్ను మీదనుంచి చూపు మళ్లలేదు. ఆస్ట్రియాలో దహనం పెరిగాక ఇప్పుడు కొత్త పుర్రెలు రావడం లేదు.

తిరుగు రైలులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

గురువారం

పొద్దున షోన్‌బ్రున్ ప్యాలెస్ పక్కన రాజుల బగ్గీల మ్యూజియం. బంగారు బగ్గీ దగ్గర గుంపు, నల్ల శవబండి దగ్గర నేనూ తమ్ముడూ. 1870ల్లో తయారైన బండి. మొత్తం నలుపు. రుడోల్ఫ్, ఎలిజబెత్, ఫ్రాంజ్ జోసెఫ్ ముగ్గురూ ఇందులోనే వెళ్లారు. 1916 నవంబర్ 30న ఫ్రాంజ్ జోసెఫ్ వెనక కొత్త చక్రవర్తి కార్ల్, నిలువెల్లా నల్ల ముసుగులో భార్య జీటా నడిచారు. ఇద్దరి మధ్య తెల్ల బట్టల్లో నాలుగేళ్ల ఒట్టో. ఆ నలుపంతటిలో ఆ తెల్ల చుక్క ఫొటోల్లో ఇప్పటికీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండేళ్లకే సామ్రాజ్యం పోయింది. 1989లో జీటా చనిపోతే ఇదే బండిని మ్యూజియం నుంచి బయటికి తీసి, నల్ల గుర్రాలు కట్టి, ఏప్రిల్ 1న ఆమెని కపూచిన్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె భర్త కార్ల్ 1922లో పోయింది కూడా ఏప్రిల్ 1నే, ప్రవాసంలో, మదైరా దీవిలో. ఆయన శరీరం ఇంకా అక్కడే ఉంది.

మధ్యాహ్నం సెయింట్ మార్క్స్ శ్మశానం. ఇప్పుడక్కడ ఎవరినీ పూడ్చరు. చెట్లు, వాలిన రాళ్లు, లైలాక్ పొదలు. 1784 ఆగస్టులో రెండో జోసెఫ్ ఇచ్చిన ఆజ్ఞ ఇక్కడ అర్థమవుతుంది. ఊరి లోపల, చర్చిల కింద పూడ్చకూడదు. శ్మశానాలు పొలిమేర బయట ఉండాలి. శవాన్ని బట్టలు లేకుండా నార సంచిలో కుట్టాలి. పెట్టెతో పూడ్చకూడదు, పెట్టె గొయ్యి దాకా మోసుకెళ్లడానికే. దానికి అడుగున తలుపు ఉంటుంది, తెరిస్తే శవం గోతిలోకి జారుతుంది, పైన సున్నం చల్లాలి. పెట్టె వెనక్కి వచ్చి ఇంకొకరికి పనికొస్తుంది. చెక్క మిగులుతుంది, శవం త్వరగా మట్టిలో కలుస్తుంది, ఊరికి రోగాలు రావు. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. జనం మాత్రం భగ్గుమన్నారు. 1785 జనవరిలోనే చక్రవర్తి పెట్టెల మాట వెనక్కి తీసుకున్నాడు. తమ శరీరం నెమ్మదిగా కుళ్లాలని, కంపుకొట్టే కళేబరంగా ఎక్కువ కాలం ఉండాలని వీళ్లు అంత విలువ ఇస్తుంటే, ఎలా పూడ్చుకున్నా నాకు పట్టింపు లేదన్న అర్థం వచ్చేలా కోపంగా రాశాడు.

జోసెఫ్ మీద నాకు గౌరవమే. ప్రజలకి చెప్పింది తను చేసి చూపించిన మనిషి, ఆ రాగి పెట్టే సాక్ష్యం. కానీ ఒక విషయం ఆయనకి పట్టలేదు. శవపేటిక శవం కోసం కాదు, దాని పక్కన నిలబడ్డవాళ్ల కోసం. అమ్మని గోతిలోకి జారవిడుస్తుంటే చూడటం ఏ కొడుక్కీ చేతకాదు.

మోజార్ట్‌ని ఈ శ్మశానంలోనే పూడ్చారు, 1791 డిసెంబర్‌లో. దిక్కులేని చావు అని చాలామంది అనుకుంటారు. అది మూడో తరగతి అంత్యక్రియ, రుసుము 8 గుల్డెన్ల 56 క్రొయిట్సర్లు, శవబండికి వేరే 3 గుల్డెన్లు. ఆ కాలంలో ఊళ్లో మామూలు కుటుంబాలు చేసుకునే పద్ధతే. జోసెఫ్ నియమాల్లో సమాధి రాయికీ, ఊరేగింపుకీ పెద్దగా చోటు లేదు. అందుకే గొయ్యి ఎక్కడో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడున్న విరిగిన స్తంభం, దుఃఖిస్తున్న పిల్ల దేవదూత వేరే సమాధుల నుంచి మిగిలిన ముక్కలతో శ్మశానం కాపలాదారు ఒకాయన అమర్చినవి. ఎవరో అప్పుడే పెట్టిన ఎర్ర గులాబీలు ఉన్నాయి.

శుక్రవారం

71 నంబరు ట్రామ్ ఎక్కి కేంద్ర శ్మశానానికి. వియన్నాలో ఎవరైనా చనిపోతే "71 ఎక్కాడు" అంటారు. రెండో గేటు దగ్గర శవాల్ని ఉంచే హాలు అడుగున అంత్యక్రియల మ్యూజియం ఉంది. 1967లో మొదలై 2014లో ఇక్కడికి మారింది.

జోసెఫ్ కాలపు అడుగు తెరుచుకునే పెట్టె ఇక్కడ చూశాను. నిన్న విన్నదంతా కళ్ల ముందుకి వచ్చింది. మిగతా వస్తువుల్లో రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి గంట. బతికుండగానే పూడ్చేస్తారేమో అన్న భయం ఆ కాలంలో చాలా ఉండేది. శవం చేతికి తాడు కట్టి కాపలావాడి గదిలో గంటకి కలిపేవారు. రెండోది గుండెలో పొడిచే సన్నటి కత్తి. చనిపోయినట్టు ఖాయం చేసుకోవడానికి కొందరు తమ గుండెలో పొడవమని వీలునామా రాసేవారు. 1931లో పోయిన రచయిత ఆర్థర్ ష్నిట్స్‌లర్ అలాగే రాశాడు. పూలచక్రాలు వద్దు, ప్రసంగాలు వద్దు, అన్నిటికన్నా తక్కువ తరగతి అంత్యక్రియ చాలు, మిగిలిన డబ్బు ఆసుపత్రులకివ్వండి అని కూడా. ఈ ఊళ్లో అలా కోరడం ఎంత పెద్ద మాటో మ్యూజియంలో మిగతా గదులు చూస్తే తెలుస్తుంది.

ఎందుకంటే 19వ శతాబ్దం చివరికి ఇక్కడ చావు మర్యాద అంగట్లో దొరికేది. 1867లో మొదటి అంత్యక్రియల కంపెనీ వచ్చింది. ఎన్ని గుర్రాలు, ఎంతమంది దివిటీలు పట్టేవాళ్లు, ఎన్ని కొవ్వొత్తులు, గుమ్మానికి ఎంత నల్లగుడ్డ, అన్నీ తరగతుల వారీగా ధరలు. మోసేవాళ్లకి వెండి జరీ నల్ల కోట్లు, ఈకల టోపీలు, రాజదర్బారు దుస్తులకి తీసిపోకుండా. చాకలి, బేకరీ పనివాడు కూడా ఆ ఒక్కరోజు కోసం ఏళ్ల తరబడి దాచుకునేవారు. దీన్ని డాబు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. బతికినన్నాళ్లూ ఎవరూ దారి ఇవ్వని మనిషికి ఊరంతా టోపీ తీసి దారి ఇచ్చే రోజు అదొక్కటే. కంపెనీలు దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర గుంజుకోవడం మొదలుపెట్టాక 1907లో నగరపాలక సంస్థే ఈ పని చేతిలోకి తీసుకుంది.

రోడ్డుకి అవతల దహనశాల, 1922 డిసెంబర్‌లో తెరిచారు. మనకి దహనం పుట్టినప్పటినుంచి తెలిసిన సంగతి. ఇక్కడ అది రాజకీయ పోరాటం. సోషలిస్టుల చేతిలో ఉన్న వియన్నా కట్టింది, కేంద్ర ప్రభుత్వం ఆపాలని చూసింది. కాథలిక్ చర్చి 1963 దాకా దహనాన్ని ఒప్పుకోలేదు.

శనివారం, నవంబర్ 1

పొద్దున్న ట్రామ్‌లో కాలు పెట్టే చోటు లేదు. అందరి చేతుల్లో చామంతి కుండీలు, దేవదారు కొమ్మలతో కట్టిన చక్రాలు, ఎర్ర గాజు దీపాలు. గేటు బయట పూల బళ్లు, కాల్చిన చెస్ట్‌నట్ల వాసన. బేకరీల్లో ఈ పండుగకే చేసే జడ అల్లిన రొట్టె. మన క్రైస్తవులు నవంబర్ 2న సమాధుల పండుగ చేసుకుంటారు కదా, గుంటూరులో చిన్నప్పుడు చూసిన కొవ్వొత్తుల వరుసలే ఇక్కడ రెండున్నర చదరపు కిలోమీటర్ల మేర పరిచినట్టున్నాయి.

ఈ శ్మశానం తెరిచింది కూడా సరిగ్గా ఈ పండుగ నాడే, 1874లో. ఊరికి దూరం కావడంతో మొదట జనానికి నచ్చలేదు. పగలూ రాత్రీ శవబళ్లు తమ వీధిలోంచి వెళ్తుంటే దారిలో ఉన్న సిమ్మరింగ్ పేట వాసులు గొడవపెట్టారు. భూమి కింద గొట్టంలోంచి గాలి ఒత్తిడితో పెట్టెల్ని పంపిద్దామని ఆ ఏడే ఇద్దరు పథకం గీశారు. అది కాగితం దాటలేదు. 1918లో స్పానిష్ ఫ్లూ వచ్చినప్పుడు మాత్రం శవాల్ని ట్రామ్‌లోనే తెచ్చారు. ఇప్పుడు ఇక్కడ దాదాపు 30 లక్షల మంది ఉన్నారు, అంటే ఊళ్లో బతికున్నవాళ్ల కన్నా ఎక్కువ.

జనాన్ని రప్పించడానికే పేరున్నవాళ్ల సమాధుల్ని ఇక్కడికి తెచ్చారు. బీథోవెన్, షూబర్ట్ 1888లో వేరింగ్ శ్మశానం నుంచి వచ్చారు. బీథోవెన్ అంత్యక్రియ 1827 మార్చి 29న జరిగింది. దాదాపు 20,000 మంది వచ్చారని చెబుతారు. దివిటీలు పట్టినవాళ్లలో షూబర్ట్ ఒకడు. రెండేళ్లు తిరక్కుండానే అతనూ పోయాడు. రాజు కాని మనిషికి, దొర కాని మనిషికి ఊరు అలా కదిలిన రోజది. రాచ మర్యాద మామూలు మనిషి దాకా వచ్చే దారిలో అది పెద్ద మలుపని నాకనిపిస్తుంది. ఇద్దరి సమాధుల ముందూ ఇవాళ దీపాలున్నాయి. కానీ ఎక్కువ దీపాలు ఎవరికీ తెలియని పేర్ల ముందే ఉన్నాయి.

అలాంటి ఒక సమాధి దగ్గర ఒక పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని దేవదారు కొమ్మలు సర్దుతోంది. నీళ్ల డబ్బా అందించాను. నా జర్మన్ అంతంతమాత్రమే అయినా ఆవిడ ఓపిగ్గా మాట్లాడింది. సమాధి భర్తది. పక్కన చోటు తనది, రాయి మీద పేరు, పుట్టిన సంవత్సరం ఇప్పటికే చెక్కించుకుంది. అంత్యక్రియల బీమా ముప్పై ఏళ్లుగా కడుతోందట. ఏం కావాలో కాగితం మీద రాసిపెట్టింది. ఓక్ చెక్క పెట్టె, తెల్లపూలు మాత్రమే, గోరీ దగ్గర ఒక ట్రంపెట్, పాట కూడా తనే ఎంచింది. తర్వాత వచ్చినవాళ్లందరికీ గేటు ఎదురు హోటల్లో భోజనం, సూపు నుంచి కాఫీ దాకా. "చలికాలం అయితే సూపు వేడిగా ఉండాలి, అది కూడా రాశాను" అంది. ఆ కాగితం ఒకటి కూతురి దగ్గర ఉంది, ఇంకొకటి బీమా ఆఫీసులో ఇచ్చింది.